జ్యూయిష్ డే స్కూల్ టీచర్లకు ఏడాది పొడవునా ట్రైనింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – వసుంధర

నమస్కారం అండీ. అమెరికాలో ఒక జ్యూయిష్ డే స్కూల్లో (యూదు పాఠాలూ మామూలు సబ్జెక్టులూ రెండూ చెప్పే బడి) ఇన్‌స్ట్రక్షనల్ కోచ్‌గా చేస్తున్నాను. కేజీ నుంచి 8వ తరగతి దాకా ఉన్న కమ్యూనిటీ స్కూల్, ఏ ఒక్క శాఖకీ చెందింది కాదు. ఇప్పటిదాకా లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ టీచర్లతోనే పని. 2026–27 నుంచి జుడాయిక్స్ (యూదు మతం, గ్రంథాల పాఠాలు), హీబ్రూ టీచర్ల పీడీ (వృత్తి శిక్షణ) కూడా నాకే అప్పగించారు. నేను యూదు మతస్థురాలిని కాను. హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, అర్థం తెలియదు.

జుడాయిక్స్, హీబ్రూ కలిపి 13 మంది టీచర్లు. నలుగురు ఇజ్రాయెల్ నుంచి వచ్చినవాళ్లు, ఐదుగురు పార్ట్‌టైమ్, ఇద్దరు ఈ ఏడాదే చేరుతున్నారు. ఇంతవరకు పీడీ అంటే ఆగస్టులో రెండు రోజులు, జనవరిలో ఒక రోజు, బయటి నుంచి ఒక స్పీకర్. బాగుందంటారు, తర్వాత క్లాసులో ఏమీ మారదు.

అడగాలనుకున్నవి ఇవి. ఏడాదిలో ఏ వారాల్లో ఏం పెట్టాలి? భాష రాకుండా తోరా (యూదుల ధర్మగ్రంథం) క్లాసు, హీబ్రూ క్లాసు అబ్జర్వ్ చేస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా? పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి టైటిల్ టూ డబ్బు (టీచర్ల శిక్షణకి ఇచ్చే ఫెడరల్ నిధి) వస్తుందని ఎవరో అన్నారు, మతపరమైన బడికి అది నిజంగా వర్తిస్తుందా? జనరల్ స్టడీస్ (లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ లాంటివి) టీచర్లని, వీళ్లని కలిపి కూర్చోబెట్టాలా, విడివిడిగానా?

జవాబు – ప్రసాద్ కె.

వసుంధర గారూ, ముందు క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. జ్యూయిష్ బడుల్లో పీడీ ప్లాన్లు మూలపడేది ఎక్కువగా అక్కడే. మిగతా బడుల్లో సెప్టెంబరులో పని ఊపందుకుంటుంది. ఇక్కడ ఆ నెల యూదు క్యాలెండర్లోని తిష్రీ నెల పండగలది.

2026లో రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం) సెప్టెంబరు 12, 13. యోమ్ కిప్పూర్ 21, సోమవారం. సుక్కోత్ 26న మొదలవుతుంది. 28 నుంచి అక్టోబరు 2 దాకా మధ్య రోజులు, చాలా డే స్కూళ్లు ఆ వారమంతా సెలవిస్తాయి. సిమ్హాత్ తోరా అక్టోబరు 4. ఈసారి పండగలు చాలావరకు శని, ఆదివారాల్లో పడ్డాయి కాబట్టి కాగితం మీద పనిదినాలు ఎక్కువే కనిపిస్తాయి. అది చూసి మీటింగులు పెట్టకండి. రోజులు ఖాళీగా ఉన్నా మనుషులు ఖాళీగా ఉండరు: ఇంట్లో వంట, సినగాగ్‌లో బాధ్యతలు, క్లాసులో పండగ పాఠాలు. పైగా సెప్టెంబరు 14 సోమవారం గెదల్యా ఉపవాసం. ఆ రోజు లంచ్ మీటింగ్ పెట్టారంటే ఏడాది మొత్తానికి మీ పరువు అక్కడే పోతుంది.

అసలు పని హెష్వాన్ నెలలో మొదలుపెట్టండి. అందులో పండగలే లేవు. ఈసారి అది అక్టోబరు 12న వస్తుంది. అక్కడి నుంచి నవంబరు 20 దాకా ఆరు వారాలు, మొదటి విడత. హనుక్కా డిసెంబరు 4 సాయంత్రం మొదలై 12 దాకా, ఆ రోజుల్లో అందరి ధ్యాసా ప్రోగ్రాముల మీదే. రెండో విడత జనవరి 11 నుంచి. యూదు లెక్కలో ఇది 5787, అధికమాసం ఉన్న సంవత్సరం, అదార్ నెల రెండుసార్లు వస్తుంది. అందువల్ల పూరిమ్ మార్చి 23కి, పెసాహ్ ఏప్రిల్ 22కి జరిగాయి. చలికాలం సెలవుల తర్వాత దాదాపు పది వారాల చిక్కని సమయం దొరుకుతుంది, మామూలు సంవత్సరాల్లో ఇంత ఉండదు. దాన్ని వదులుకోవద్దు. పూరిమ్ దాటాక కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. పెసాహ్ ముందు ఇల్లంతా దులిపి కడిగే పని ఉంటుంది. పండగ అయ్యాక యోమ్ హషోఆ (మే 4), యోమ్ హఅత్స్మఊత్ (మే 12), షవుఓత్ (జూన్ 11) వరసగా వస్తాయి. మే చివర్లో ఒక్క సమీక్ష మీటింగు చాలు.

వారంలో శుక్రవారం ఊసే వద్దు. చలికాలంలో షబ్బాత్ (శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే విశ్రాంతి దినం) తొందరగా వస్తుంది, బడి మధ్యాహ్నానికే వదిలేస్తారు. బడి అయ్యాక పెట్టే మీటింగు కూడా మీ పార్ట్‌టైమ్ వాళ్లకి కుదరదు. వాళ్లలో కొందరు సాయంత్రం సినగాగ్ బడుల్లో చెబుతూ ఉంటారు, కనుక్కోండి. డ్యూయల్ కరిక్యులమ్‌లో మంచి సౌలభ్యం ఒకటుంది: పిల్లలు జనరల్ స్టడీస్‌లో ఉన్నంతసేపు జుడాయిక్స్ టీచర్లకి క్లాసు ఉండదు. వారానికి ఒక 50 నిమిషాల పీరియడ్ ఈ 13 మందికీ ఒకేసారి ఖాళీగా ఉండేలా టైమ్‌టేబుల్‌లో అడగండి. జూన్‌లోపే అడగాలి. ఆగస్టుకి టైమ్‌టేబుల్ గట్టిపడిపోతుంది, అప్పుడు ఎవరూ కదిలించరు.

ఒక విడతకి ఒకే సమస్య తీసుకోండి. 'డిఫరెన్షియేషన్' లాంటి గొడుగు మాట పనికిరాదు, అందరూ తలూపుతారు, ఎవరూ ఏమీ చేయరు. 'రాషి వ్యాఖ్యానం చదివే ముందు, వచనంలో రాషిని ఆపిన ఇబ్బంది ఏమిటో పిల్లలే పట్టుకోవాలి' అన్నంత ఇరుకుగా ఉండాలి (రాషి అంటే మధ్యయుగాల ప్రసిద్ధ తోరా వ్యాఖ్యాత). మొదటి వారం టీచర్లే ఆ పని చేస్తారు. ఆదికాండం 22:2 తీసుకోండి. 'నీ కొడుకుని, నీ ఒక్కగానొక్కణ్ని, నువ్వు ప్రేమించేవాణ్ని, ఇస్సాకుని' అని నాలుగు రకాలుగా ఎందుకు చెప్పాలి? ఒక్క పేరు సరిపోదా? ఈ ప్రశ్న పుట్టకముందే రాషి జవాబు చదివిస్తే పిల్లలకి అది ఇంకో కథలా వినబడుతుంది తప్ప వ్యాఖ్యానంలా కాదు. రెండు, మూడు వారాల్లో ఎవరి తరగతికి తగిన వచనం వాళ్లు తీసుకుని చెబుతారు. నాలుగు, ఐదు వారాల్లో పిల్లలు రాసినవి టేబుల్ మీదికి వస్తాయి. ఆరో వారంలో ఒక్కొక్కరు ఒక్క మార్పు రాసిస్తారు: ఏది కొనసాగిస్తారు, ఏది వదిలేస్తారు.

చిన్న తరగతుల వాళ్లకి రాషి ఉండదు కదా అంటారు. వాళ్లకి ఇదే పని పారషా (ఆ వారం చదివే తోరా భాగం) కథతో: 'కథలో ఏం చెప్పలేదు?' అని అడగడం.

జవాబు – లలిత ఎస్.

భాష రాకుండా అబ్జర్వ్ చేయడం గురించి. చేయొచ్చు. ఏం చూడగలరో, ఏం చూడలేరో ముందే టీచరుకి చెప్పేస్తే చాలు.

మీరు చూడగలిగేవి చాలానే ఉన్నాయి. ఎవరు ఎంతసేపు మాట్లాడారు. ప్రశ్న వేశాక టీచరు ఎన్ని సెకన్లు ఆగారు (విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించింది ఇదే: మామూలుగా ఒక సెకనుకి మించి ఆగరు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎక్కువ మంది మాట్లాడతారు). ఎంతమంది పిల్లల వేలు వచనం మీద ఉంది, ఎంతమంది పక్కవాడి పేజీ చూసి తిప్పుతున్నారు. హీబ్రూ వాక్యం చదివాక దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పింది టీచరా, పిల్లలా. ఈ చివరిది ఒక్కటి లెక్కపెట్టినా క్లాసు స్వరూపం తెలిసిపోతుంది. చదవడం పిల్లలవంతు, అర్థం చెప్పడం టీచరువంతు అయిపోవడం తోరా క్లాసులకి ఉన్న పాత జబ్బు.

చూడలేనివి: అనువాదం సరైందా, వ్యాకరణం సరిగ్గా చెప్పారా, వ్యాఖ్యాత మాటని వచనం మాటగా కలిపేశారా. వీటికి టెక్స్ట్ తెలిసిన ఒక సీనియర్ టీచరుని జత చేసుకోండి. ఇద్దరూ ఒకే పాఠం చూసి, ముందు మీరిద్దరూ మాట్లాడుకుని, తర్వాత టీచరుతో కూర్చోండి. ప్రతిసారీ కుదరదు. విడతకి ఒక్కో టీచరుకి ఒక్కసారి కుదిరితే చాలు.

ఒక్కో వంతు ఇలా: ముందు 15 నిమిషాల మాట, అందులో టీచరే ఒక ప్రశ్న ఇవ్వాలి ('వెనక వరసలో నలుగురు ఏం చేస్తున్నారో చూడండి'). తర్వాత 20–25 నిమిషాలు క్లాసులో కూర్చుని వినపడినది వినపడినట్టు రాసుకోవడం, అభిప్రాయాలు వద్దు. 48 గంటలు దాటకుండా 20 నిమిషాల చర్చ. అందులో మొదటి 5 నిమిషాలు టీచరు మీ నోట్సు చదువుకుంటారు, మీరు మాట్లాడరు. హీబ్రూ మాటలు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో వినబడినట్టే రాసుకోండి, టీచరుకి అర్థమవుతుంది. తప్పుగా రాసినా పర్లేదు, వాళ్లే దిద్దుతారు. కోచ్‌కి ఏదో నేర్పే అవకాశం దొరికితే బిగుసుకుని కూర్చున్న టీచరు కూడా కాస్త సడలుతారు.

ఈ నోట్సు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లకూడదు. మదింపు వేరు, కోచింగ్ వేరు అని ఆగస్టులోనే ప్రిన్సిపాల్ నోటితో అందరి ముందూ చెప్పించండి. చిన్న బడుల్లో కాంట్రాక్టులు ఏడాదికోసారి రాస్తారు. మీ నోట్సు ఆ ఫైల్లోకి పోతోందని ఒక్క అనుమానం వచ్చినా ఆ తర్వాత మీకు చూపించేవన్నీ అలంకరించిన పాఠాలే.

కలిపి కూర్చోబెట్టాలా అన్నదానికి: ప్రశ్నలు వేయడం, ఆగడం, పిల్లల పని చూడడం ఇవన్నీ కలిపే చేయొచ్చు, ఏడాదికి రెండుసార్లు. మిగతాది విడిగా. విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో చెప్పిన సంగతి ఇక్కడ నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది: బోధన తెలియడం వేరు, విషయం తెలియడం వేరు, 'ఈ విషయాన్ని ఈ పిల్లలకి ఎలా' అనే జ్ఞానం ఇంకొకటి. జ్యూయిష్ బడుల్లో ఈ మూడోదే కరువు. అట్లాంటా, బాల్టిమోర్, మిల్వాకీల్లో చేసి 1994లో ప్రచురించిన సర్వేలో విద్యలోనూ యూదు విషయాల్లోనూ రెండింటా శిక్షణ ఉన్నవాళ్లు దాదాపు ఐదోవంతే తేలారు.

జవాబు – ఫణీంద్ర

డబ్బు విషయం క్లుప్తంగా. వర్తిస్తుంది. ఎసా అనే ఫెడరల్ విద్యా చట్టం (2015) టైటిల్ టూ పార్ట్ ఏ కింద లాభాపేక్ష లేని ప్రైవేటు బడుల టీచర్లకి, మతపరమైన బడులతో సహా, 'సమాన సేవలు' అందించాల్సిన బాధ్యత పబ్లిక్ డిస్ట్రిక్ట్‌ది. బడి ఏ డిస్ట్రిక్ట్ హద్దుల్లో ఉందో ఆ డిస్ట్రిక్టే మీ డిస్ట్రిక్ట్, పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నా సరే. వాటా బడిలో చేరిన పిల్లల సంఖ్యని బట్టి లెక్కకడతారు.

జనం పొరబడేది ఇక్కడ. డబ్బు బడి ఖాతాలోకి రాదు. డిస్ట్రిక్ట్ దగ్గరే ఉంటుంది, ట్రైనర్‌కి డిస్ట్రిక్టే కాంట్రాక్ట్ ఇచ్చి డబ్బు కడుతుంది. మీరు ముందు ఖర్చుపెట్టి తర్వాత బిల్లు పంపితే ఇరుక్కుంటారు. ఆ ట్రైనర్ మీ బడికి సంబంధం లేనివారై ఉండాలి. ట్రైనింగ్‌లో చెప్పేది కూడా మతేతరంగా, తటస్థంగా ఉండాలి. రాషి వర్క్‌షాప్‌కి ఇది రాదు. క్లాస్‌రూమ్ నిర్వహణ, చదవడంలో వెనకబడ్డ పిల్లలకి సాయం, పిల్లల పనిని విశ్లేషించడం, లెక్కలు, సైన్సు, వీటికి వస్తుంది. బడివేళలకి బయట జరిగే ట్రైనింగ్‌కి టీచర్లకి స్టైపెండ్ ఇవ్వొచ్చు, అయితే నేరుగా టీచరు చేతికే, బడి ద్వారా కాదు.

ప్రతి ఏడాదీ డిస్ట్రిక్ట్ 'పాల్గొంటారా' అని ఒక ఫారం పంపుతుంది, దాని తర్వాత సంప్రదింపుల మీటింగు. ఆ ఫారం బడి ఆఫీసులో ఎవరి ఈమెయిల్‌కి వస్తోందో ముందు కనుక్కోండి. చాలాసార్లు అది మానేసి వెళ్లిపోయినవాళ్ల ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది. గడువు దాటితే ఆ ఏడాదికి అంతే. మీటింగుకి వెళ్లేటప్పుడు 'టీచర్లకి పీడీ కావాలి' అని కాకుండా 'మా 3–5 తరగతుల్లో ఈ అవసరం ఉంది, ఇదీ ఆధారం, ఇన్ని గంటలు కావాలి' అని ఒక పేజీ పట్టుకెళ్లండి.

తెలివైన పద్ధతి ఏమిటంటే, జనరల్ స్టడీస్ పీడీలో బడి ఇప్పటికే ఇస్తున్నదానికి బదులుగా కాకుండా, అదనంగా కావాల్సినదానికే దీన్ని వాడుకుని, బడి సొంత బడ్జెట్‌ని జుడాయిక్స్‌కి మిగుల్చుకోవడం.

జవాబు – రోహిణి

హీబ్రూ వైపు నుంచి కొన్ని మాటలు. జుడాయిక్స్‌తో పాటు హీబ్రూ టీచర్లని కూడా ఒకే గాటన కట్టారు కానీ వాళ్ల సమస్యలు వేరు. ప్రసాద్ గారు చెప్పిన రాషి విడతలో హీబ్రూ భాషా టీచర్లని కూర్చోబెట్టడం వాళ్ల సమయం వృథా చేయడమే.

ముందు బడి ఒక సంగతి తేల్చాలి: హీబ్రూ ఎందుకు? ప్రార్థన పుస్తకం చదవడానికా, తనఖ్ (హీబ్రూ బైబిల్) అర్థం చేసుకోవడానికా, మాట్లాడడానికా? మూడూ అంటే మూడింటికీ సమయం ఉందా? ఇది తేలకుండా పెట్టే భాషా పీడీలో ఒక టీచరు డీకోడింగ్ (అక్షరాలు కూడబలికి చదవడం) గురించి, ఇంకొకరు సంభాషణ గురించి మాట్లాడుతూ గంట గడిపేస్తారు.

మాట్లాడడమే లక్ష్యమైతే ఆక్ట్‌ఫుల్ అనే భాషా బోధకుల సంస్థ స్థాయిలని ఆధారంగా పెట్టుకోండి. క్లాసు సమయంలో 90 శాతం పైగా ఆ భాషలోనే జరగాలని వాళ్ల సిఫారసు. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన టీచర్లు సులభంగా 90 శాతం హీబ్రూలో మాట్లాడేస్తారు. సమస్య అదే! వాళ్లు సహజ వేగంతో, సహజ పదజాలంతో మాట్లాడితే పిల్లలకి మొదటి వాక్యం తర్వాత ఏమీ అందదు. పదో నిమిషంలో పిల్లలు గోల చేస్తారు, టీచరు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఆ రెండు భాషల మధ్య ఊగడమే మీరు చూడబోయే హీబ్రూ క్లాసు. కాబట్టి ఈ టీచర్లకి నేర్పాల్సింది తగ్గించి మాట్లాడడం: ఒక పాఠానికి 6–8 కొత్త మాటలు, ప్రతి మాట వేర్వేరు వాక్యాల్లో చాలాసార్లు, చేతులతో, బొమ్మలతో, అవును-కాదు ప్రశ్నలతో మొదలుపెట్టి. పీడీ మీటింగులో పది నిమిషాల పాఠాన్ని రికార్డు చేసి వినిపించండి, కొత్త మాట ఎన్నిసార్లు వచ్చిందో టీచరే గీతలు పెట్టి లెక్కపెట్టుకుంటారు. మీకు భాష రాకపోయినా ఈ పని నడిపించొచ్చు.

చిన్న తరగతులకి కదలికతో చెప్పే పద్ధతి బాగా పనిచేస్తుంది: లే, కూర్చో, నడువు, తలుపు ముట్టుకో అని ఆజ్ఞలు, పిల్లలు చేసి చూపిస్తారు, మాట్లాడమని బలవంతం ఉండదు. జేమ్స్ ఆషర్ రూపొందించిన టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ నుంచి వచ్చింది. క్లీవ్‌లాండ్ జ్యూయిష్ ఎడ్యుకేషన్ సెంటర్ వాళ్ల 'హీబ్రూ త్రూ మూవ్‌మెంట్' దీని మీదే కట్టింది. టీచర్లు చేసే పొరపాటు ఒకటే: ప్రతిసారీ అవే ఆజ్ఞలు అదే వరసలో ఇస్తారు, పిల్లలు వినడం మానేసి వరస గుర్తుపెట్టుకుంటారు. వరస మార్చాలి, రెండు ఆజ్ఞలు కలపాలి, నవ్వొచ్చేవి కలపాలి.

డీకోడింగ్ దగ్గర, పిల్లలు తప్పు చదివినప్పుడు టీచరు వెంటనే సరైన శబ్దం అందించేస్తారు. దాంతో ఆ పిల్లవాడు బేట్‌ని కాఫ్ అనుకుంటున్నాడా, దాలెత్‌ని రేష్ అనుకుంటున్నాడా, హేకీ ఖేత్‌కీ తేడా తెలియలేదా, సామెఖ్‌నీ చివరి మేమ్‌నీ కలిపేస్తున్నాడా, లేక అచ్చు గుర్తు దగ్గర ఆగాడా అన్నది ఎవరికీ తెలియదు. ప్రతి పిల్లవాడూ ఒక నిమిషం ఒంటరిగా చదువుతుంటే తప్పుల్ని కాగితం మీద గుర్తుపెట్టడం నేర్పండి. 2, 3 తరగతుల టీచర్లు నవంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి చేస్తే చాలు, ఏ గుంపుకి ఏం కావాలో తేలిపోతుంది.

జవాబు – మురళి

ఎవరూ హవ్రూతా మాట ఎత్తలేదేమిటి? ఇద్దరిద్దరుగా టెక్స్ట్ మీద కూర్చోవడం ఈ టీచర్లకి పుట్టుకతో వచ్చిన పద్ధతి. పీడీకి దానికన్నా మంచి వాహనం లేదు. ఆగస్టు రోజుకి తల్మూదు (ప్రాచీన యూదు ధర్మచర్చల గ్రంథం) నుంచి బావా బత్రా 21ఏ పేజీ తీసుకోండి. ప్రాచీన కాలపు ప్రధాన యాజకుడు యెహోషువ బెన్ గమ్లా ప్రతి ఊళ్లో టీచర్లని పెట్టి, ఆరేడేళ్ల పిల్లల్ని చేర్చమన్న సంగతి అక్కడుంది. ఒక టీచరుకి 25 మంది, 40 మంది ఉంటే సహాయకుడు, 50 అయితే ఇద్దరు టీచర్లు అన్న లెక్క కూడా అక్కడిదే. అసలు విందు దాని తర్వాత. ఎక్కువ పాఠం చెప్పి తప్పులు పట్టించుకోని టీచరు, తక్కువ చెప్పి ఖచ్చితంగా చెప్పే టీచరు, ఇద్దర్లో ఎవరిని పెట్టుకోవాలి? మొదటివాడినే, తప్పు దానంతటదే పోతుంది అంటాడు రావా అనే పండితుడు. రెండోవాడినే, లోపలికి పోయిన తప్పు బయటికి రాదు అంటాడు నెహర్దెయా రవ్ దిమి. ఉన్న టీచరుకన్నా మంచివాడు దొరికితే మార్చాలా వద్దా అన్న వాదన కూడా అదే పేజీలో ఉంది. సిలబస్ పూర్తిచేయాలా, లోతుగా చెప్పాలా అని మీ స్టాఫ్ రూమ్‌లో రోజూ జరిగే గొడవ ఇదే కదా. జనరల్ స్టడీస్ టీచర్లు కూడా అనువాదంతో హాయిగా పాల్గొంటారు.

నడిపే తీరు: 5 నిమిషాలు పరిచయం, 25 నిమిషాలు జతల్లో, బిగ్గరగా చదువుతూ. 15 నిమిషాలు అందరూ కలిసి. జతల్ని మీరే వేయండి, టెక్స్ట్ బాగా తెలిసినవారూ తెలియనివారూ కలిసేలా. పరిశోధకురాలు ఓరిట్ కెంట్ హవ్రూతాని మూడు జంటలుగా విడదీసి చూపించారు: వినడం–చెప్పడం, ఆశ్చర్యపడడం–దృష్టి నిలపడం, సమర్థించడం–సవాలు చేయడం. ఒక్కో సెషన్‌లో ఒక్క జంట మీదే దృష్టి పెట్టమనండి.

జవాబు – లలిత ఎస్.

మురళి గారూ, ఆ పేజీ ఎంపిక చాలా బాగుంది, ఆగస్టుకి సరిగ్గా సరిపోతుంది. కానీ 'దానికన్నా మంచి వాహనం లేదు' అన్నదానితో ఏకీభవించలేను. టీచర్లు కలిసి తల్మూదు చదివితే టీచర్ల చదువు పెరుగుతుంది, మనసు నిండుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ రేపు 4వ తరగతిలో ఏం మారుతుంది? అది బోధన మీద పని కావాలంటే రెండో మెట్టు ఉండాలి: 'ఇప్పుడు మీరు జతలో ఏం చేశారు? మీ పిల్లలు జతలో కూర్చుంటే అదే జరుగుతోందా?' అని అడిగి, పిల్లల జత ఒకదాని ఐదు నిమిషాల రికార్డింగ్ వినిపించాలి. మామూలుగా వినబడేది ఏమిటంటే ఒకడు చదువుతాడు, రెండోవాడు 'ఊఁ' అంటాడు, నాలుగో నిమిషానికి ఇద్దరూ ఆట గురించి మాట్లాడుతుంటారు. పిల్లల్ని జతల్లో వదిలేసి దానికి హవ్రూతా అని పేరు పెట్టేయడం ఈ బడుల్లో బాగా ఎక్కువ. పిల్లలకి ఆ నైపుణ్యాలు ఒక్కోటి విడిగా నేర్పాలి.

ప్రసాద్ గారు నాలుగో వారం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు, దానికి కాస్త వివరం. 40 నిమిషాలు. మూడు నమూనాలు చాలు, పేర్లు కొట్టేసి: ఒకటి బాగా రాసింది, ఒకటి మధ్యస్థం, ఒకటి టీచరుకే అంతుపట్టనిది. మొదటి 5 నిమిషాలు పిల్లలకి వేసిన ప్రశ్నకి టీచర్లే జవాబు రాస్తారు. ఈ మెట్టు దాటేస్తే ప్రశ్నలోనే లోపముందని ఎవరికీ తెలియదు. తర్వాత 10 నిమిషాలు కనిపించింది మాత్రమే చెప్పాలి: 'రెండు వాక్యాలు రాశాడు, ఇస్సాకు పేరు లేదు'. 'శ్రద్ధ లేదు' అని ఎవరైనా అంటే ఆపి, 'ఏ లైన్‌లో కనిపించింది?' అని అడగండి. ఇంకో 10 నిమిషాలు అర్థం చెప్పుకోవడం, 10 నిమిషాలు రేపు ఏం చేయాలి, చివరి 5 రాసుకోవడం. పిల్లల పని తెచ్చిన టీచరు మొదటి ఇరవై నిమిషాలు మాట్లాడకూడదు, సమర్థించుకోకూడదు. ఇది కష్టం. మొదటి వంతుకి మీ జట్టులో అందరూ గౌరవించే సీనియర్‌నే ఒప్పించండి. కొత్తవాళ్లతో మొదలుపెడితే బలిపశువుని చేసినట్టుంటుంది.

ప్రశ్న కొనసాగింపు – వసుంధర

అందరికీ ధన్యవాదాలండీ. ఇంకో మూడు సందేహాలు. కొత్తగా చేరే ఇద్దరికీ ఇదే ప్లాన్ సరిపోతుందా? ఇజ్రాయెల్ నుంచి వచ్చిన నలుగురిలో ఇద్దరు 'ఈ గంటలు దేనికి లెక్కలోకి వస్తాయి?' అని అడుగుతున్నారు. ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. మురళి గారూ, హ్యాండౌట్లు ప్రింట్ చేసేటప్పుడు ఏదైనా జాగ్రత్త అవసరమా?

జవాబు – రోహిణి

గంటలు దేనికి లెక్కలోకి వస్తాయన్న ప్రశ్న ఇజ్రాయెల్ బడుల్లో చాలా మామూలుది, విముఖత అనుకోకండి. ఇజ్రాయెల్‌లో 2008లో వచ్చిన 'ఓఫెక్ హదష్' సంస్కరణ కింద ప్రైమరీ టీచరు పూర్తి ఉద్యోగం వారానికి 36 గంటలు: 26 క్లాసులో, 5 చిన్న గుంపులతో, 5 బడిలోనే తయారీకి, మీటింగులకి. పీడీ గంటలు గ్రేడుకి, గ్రేడు జీతానికి ముడిపడి ఉంటాయి. పిస్గా అనే కేంద్రాల్లో కోర్సులు జరుగుతాయి. అలాంటి చోటి నుంచి వచ్చినవాళ్లకి ఏ లెక్కలోకీ రాని గంటలు విచిత్రంగా ఉంటాయి. మీ బడి జీతాల స్కేలులో పీడీకి చోటుందేమో కనుక్కుని, లేకపోతే లేదని సూటిగా చెప్పండి. బడి తరఫున గంటలు, విషయం రాసిన పత్రం ఇవ్వడం కష్టమేమీ కాదు, తిరిగి వెళ్లేటప్పుడు చూపించుకోవడానికి ఉంటుంది. అక్కడ ఏం గుర్తిస్తారన్నది మాత్రం వాళ్లనే ముందుగా అడిగి తెలుసుకోమనండి. మీరు మాట ఇవ్వకండి.

వాళ్లకి విడిగా ఒక గంట ఇంకో సంగతికి కేటాయించండి: అమెరికా తల్లిదండ్రులకి ఈమెయిల్ రాయడం, పిల్లల సపోర్ట్ ప్లాన్లు చదవడం, ఒకే క్లాసులో రకరకాల ఆచారాలున్న కుటుంబాల పిల్లలు ఉంటారన్న అవగాహన. 'మీ ఇంట్లో షబ్బాత్‌కి ఏం చేస్తారు?' అన్న అమాయకమైన ప్రశ్న కమ్యూనిటీ బడిలో ఒక పిల్లని ఇబ్బంది పెట్టొచ్చు.

జవాబు – ప్రసాద్ కె.

కొత్తవాళ్లకి ఇది చాలదు. వాళ్లకి రెండేళ్ల ఇండక్షన్ కావాలి: బడిలోనే ఒక మెంటర్, వారానికి ఒక గంట, టైమ్‌టేబుల్‌లో రాసిపెట్టి. మెంటర్‌కి ఒక పీరియడ్ తగ్గించాలి, లేదా డబ్బివ్వాలి. 'ఖాళీ దొరికినప్పుడు కలుసుకోండి' అంటే అక్టోబరు తర్వాత కలవరు. జ్యూయిష్ న్యూ టీచర్ ప్రాజెక్ట్ డే స్కూళ్ల కోసం సరిగ్గా ఇదే చేస్తుంది, మెంటర్లకి కూడా శిక్షణ ఇస్తుంది. బాగా చెప్పే టీచరు మంచి మెంటర్ అవుతారన్న గ్యారంటీ లేదు కదా. మీకు మీరుగా పీడీ నడపడం నేర్చుకోవాలంటే మాండెల్ టీచర్ ఎడ్యుకేటర్ ఇన్‌స్టిట్యూట్ చూడండి, 1995 నుంచి టీచర్లకి నేర్పేవాళ్లకే నేర్పుతోంది. ఇతర బడుల కోచ్‌లతో పరిచయాలకి డే స్కూళ్ల సంస్థ ప్రిజ్మా ఉంది, 2016లో ఐదు సంస్థలు కలిసి ఏర్పడింది. మెంటర్ వేరే సబ్జెక్టు మనిషైతే మొదటి ఏడాది నెట్టుకురావొచ్చు కానీ రెండో ఏడాదికి టెక్స్ట్ తెలిసినవారు తప్పనిసరి.

మొదటి ఏడాదివాళ్లని ఆరు వారాల విడతలోని పిల్లల పని మీటింగుకి రమ్మనండి, వినడానికి. నమూనాలు తెమ్మనకండి. జనవరి విడతలో తెస్తారు.

జవాబు – మురళి

ప్రింట్ల విషయంలో జాగ్రత్త అవసరమే. దేవుడి నాలుగక్షరాల హీబ్రూ పేరు ఉన్న కాగితం చెత్తబుట్టలో వేయకూడదు, రీసైక్లింగ్‌లో కూడా. మీటింగు గదిలో 'గెనిజా' (పవిత్రమైన కాగితాలు దాచే చోటు) అని రాసిన ఒక పెట్టె పెట్టండి, మీటింగు అయ్యాక అందులో వేస్తారు. బడికి ఇప్పటికే ఒకటి ఉంటుంది, ఎక్కడుందో అడగండి, నిండాక పాతిపెట్టే ఏర్పాటు సినగాగ్ చూసుకుంటుంది. లేదంటే ఆ పేరు బదులు హే అక్షరం, పక్కన చిన్న గీతతో ఉన్న ప్రతి వాడండి. తనఖ్ వచనాలు నెట్‌లోంచి కాపీ చేస్తే పూర్తి పేరు ఉంటుంది, మార్చుకోవాలి. వైట్‌బోర్డు మీద ఆ పేరు రాయకండి, చెరపాల్సి వస్తుంది. బావా బత్రా పేజీతో ఆ తలనొప్పి చాలావరకు లేదు, అయినా కాగితాలన్నీ పెట్టెలోకే పోనివ్వండి, ఆచారం గట్టిగా పాటించేవాళ్లకి అదే ఇష్టం.

తిండి తెప్పిస్తే బడి కోషర్ (యూదు ఆహార పద్ధతి) నియమం ఏమిటో, ఏ ధృవీకరణని ఒప్పుకుంటారో ఆఫీసులో అడిగి, సీలు తీయని పెట్టెలే తెప్పించండి. ఇంట్లో చేసినవి వద్దని చాలా బడుల్లో నియమం ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో సాయంత్రం దాకా సాగే పీడీ రోజైతే చీకటిపడేలోపు మిన్హా (మధ్యాహ్నపు) ప్రార్థనకి 15 నిమిషాలు వదలండి, ఎజెండాలోనే రాసిపెట్టండి. లేకపోతే సరిగ్గా ముఖ్యమైన చర్చ మధ్యలో ముగ్గురు లేచి వెళ్తారు.